పదమూడో ట్రే

ఆ గురువారం ఇంజనీరు జవాద్ నర్సరీ తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి నుసుములు ఒక్కటి కూడా కనబడలేదు. అది యమ్నా చేసిన పని. మూడు వారాల కిందట తలుపు దగ్గరి ట్రేల మీద ఆ చిట్టి ఈగలు పొగలా లేచేవి. నీళ్ళు పోసే సెల్లామ్ చెయ్యి కాస్త ధారాళం. తడి ఎక్కువైన చోట నుసుములు పుడతాయని యమ్నాకు తెలుసు, ఇంజనీరుకు ఇంకా బాగా తెలుసు. అవి అతని కంటపడితే సెల్లామ్‌కు చీవాట్లు తప్పవు. అందుకని ఆమె ఇంట్లో రొట్టెల పొయ్యిలోంచి బూడిద తీసి, జల్లెడ పట్టి, డబ్బాలో తెచ్చి, వారం తేడాతో రెండుసార్లు మొదళ్ళ చుట్టూ చల్లింది. ఉల్లి మడికి వాళ్ళమ్మ చల్లేది, పొగాకు మడికి అత్తగారు చల్లేది. నుసుములు పోయాయి. ఖర్చు లేని మందు, ఎవరూ మాట పడని పని. ఆ బేరంలో ఆమెకు ఏ లోటూ కనిపించలేదు.

జవాద్ నుసుముల కోసం చూడలేదు. మొదటి వరస ట్రేల దగ్గర ఆగాడు.

"పిన్నీ, ఇవెప్పట్నించి ఇలా ఉన్నాయి?"

"ఎలా ఉన్నాయి?"

అతను జేబులోంచి టార్చి తీసి వెలిగించాడు. నర్సరీలో పగలూ రాత్రీ ఊదారంగు దీపాలే. వాటి కింద ఏ ఆకయినా నల్లగానే కనిపిస్తుంది. టార్చి వెలుగు పడ్డ చోట మాత్రం జానెడు గంజాయి మొక్కల తలలు పాలిపోయి, పసుపు తిరిగి ఉన్నాయి. అతను ఒక్కో ట్రే మీదా వెలుగు తిప్పుకుంటూ పోయాడు. పన్నెండు దాకా అదే తీరు. వెనక వరసల దగ్గర ఒకసారి టార్చి ఆడించి వదిలేశాడు.

తర్వాత నీళ్ళ తొట్టిలో నీటి గుణం చెప్పే మీటరు ముంచి చూసి తలూపాడు. మొదటి ట్రేని రెండు చేతులతో ఎత్తి బరువు చూశాడు. మట్టిలో వేలు దింపి తీశాడు. వేలు తడిగా, నల్లగా వచ్చింది.

"తొట్లో నీళ్ళు బాగానే ఉన్నాయి, పోసే చెయ్యే బాగాలేదు," అన్నాడు. "సెల్లామ్ గారూ, ముంచేశారు. వేళ్ళకి ఊపిరాడటం లేదు."

సెల్లామ్ నీళ్ళ గొట్టం చేత్తో పట్టుకుని తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి, సన్నగా, కాస్త వంగి ఉంటాడు.

"ఈ మొక్క కోసం ఇరవై రెండేళ్ళు పోలీసులు నా వెంటపడ్డారు బాబూ," అన్నాడు. "అప్పుడు పెంచినందుకు తప్పన్నారు. ఇప్పుడు చంపుతున్నానంటున్నారు."

జవాద్‌కు నవ్వొచ్చింది కాని, వెనకే సహకార సంఘం అధ్యక్షుడు హాజీ బూష్తా ఉన్నాడు. ఆయన నవ్వలేదు.

"నలభై ఇళ్ళవాళ్ళు దుక్కులు దున్నుకుని ఈ నారు కోసం కూర్చున్నారు. మందుల కోసం గంజాయి పెంచే లైసెన్సు రావడానికి రెండేళ్ళు పట్టింది. మందుల కంపెనీ వాడు లెక్క పెట్టి మరీ విత్తనం ఇచ్చాడు. పది రోజుల్లో నారు పంచకపోతే నా గడ్డం పట్టుకుని అడుగుతారు," అని సెల్లామ్ వైపు తిరిగాడు. "రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

"హాజీ, ఒక్కసారి..." అంది యమ్నా.

"నిన్నడగలేదు యమ్నా. నీ ట్రేలు నువ్వు చూసుకో."

సెల్లామ్ గొట్టంలో మిగిలిన నీళ్ళు తొట్టిలోకి వంపి, దాన్ని మోచేతికి, బొటనవేలికి మధ్య చుట్టలు చుట్టి, మేకుకి తగిలించాడు. చేతులు కడుక్కున్నాడు. తువ్వాలు మీద వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గర ఆగాడు.

"మూల దీపం మిణుకుతోంది. దరీస్‌తో చెప్పి మార్పించు," అన్నాడు. అంతే.

పదిగంటలకు వాళ్ళిద్దరూ గోడ అవతల మెట్ల మీద కూర్చుని టీ తాగేవారు. ఆమె రొట్టె, మేకజున్ను తెచ్చేది. అతను మాచిపత్రి ఆకు వేసిన టీ కాచి తెచ్చేవాడు. ఆ అరగంటలోనే యమ్నా రోజుకు సరిపడా మాట్లాడేది. ఇంట్లో మాట్లాడటానికి రెండు మేకలు, పది కోళ్ళు ఉన్నాయి. మొగుడు పోయి ఆరేళ్ళయింది. వారపు సంతలో గుడ్లు అమ్మేటప్పుడు బేరం మాటలు దొరుకుతాయి కాని, అవి మాటలు కావని ఆమెకు తెలుసు. నర్సరీలో పని ఒప్పుకునేటప్పుడు వచ్చేదెంత, పోయేదెంత అని చూసుకుంది. మెట్ల మీది అరగంట ఆ లెక్కలో లేదు. దొరికాక తెలిసింది, మిగతా అన్నిటికన్నా అదే ఎక్కువ తూగుతుందని.

ఆ రోజు పదింటికి ఆమె బయటికి వెళ్ళలేదు. మొదటి వరస ముందే నిలబడి ఉండిపోయింది.

*

శుక్రవారం ఒంటిపూటే పని. జవాద్ చెప్పి వెళ్ళినట్టు తలుపు దగ్గరి ట్రేలకు నీళ్ళు ఆపేసి, మిగతావాటికి యమ్నాయే పోసింది. పోస్తున్నంతసేపూ ఒక్కటే ఆలోచన. ముంచితే మొక్క ఇలా అవుతుందా? ముంచిన మొక్క ఆమెకు తెలుసు. కింది ఆకు ముందు పోతుంది, కాడ వాలుతుంది, చేత్తో తాకితే మెత్తగా ఉంటుంది. ఈ మొక్కలు నిటారుగా నిలబడి ఉన్నాయి. కింది ఆకులు ఊదా వెలుగులో కూడా నిండుగా, బరువుగా ఉన్నాయి. జబ్బంతా నెత్తి మీద చిగుళ్ళలోనే ఉంది.

ఇంత వరకే ఆ వెలుగులో తెలిసింది. గుడ్డయినా, శనగయినా, విత్తనమైనా ఆమె ఎండలో పెట్టి చూడకుండా ఎన్నడూ కొనలేదు. దీపం కింద చూసి సరుకు కొనేవాణ్ణి సంతలో అందరూ మోసం చేస్తారు. కాని నర్సరీలో చట్టం వేరు. ప్రతి మొక్కకూ లెక్క ఉంది. గేటు దాటి ఒక్క ఆకు పోయినా సంఘం లైసెన్సుకే ఎసరు.

యమ్నా నాలుగో ట్రేలో ఒక మొక్కకు చిగురాకు ఒకటి, కింది ఆకు ఒకటి గోటితో తుంచి, తలగుడ్డ కొంగు మడతలో పెట్టుకుంది. ఈ కొండల్లో ఆడవాళ్ళకు ఆ విద్య ఒకరు నేర్పక్కర్లేదు. పోలీసుల జీపు శబ్దం వినబడగానే బస్తాడు సరుకుని పిండి గాదె కింద దాచిన చెయ్యి ఆమెది. అయినా ఈ రెండు ఆకుల కోసం మడతను రెండుసార్లు తడిమి చూసుకుంది.

గేటు దగ్గర కాపలావాడు దరీస్ కుర్చీలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటున్నాడు.

"చేతులు చూపించు," అన్నాడు.

చూపించింది.

"జేబులు."

"నా బట్టలకి జేబులెక్కడివిరా?"

"మరి కాగితంలో జేబులు కూడా చూడమని రాశారు." గింజ తొక్క ఊసి నవ్వాడు. "మా నాన్న కాలంలో ఈ గేటు ముందునుంచే గంజాయి మూటలతో కంచర గాడిదలు వరస కట్టి పోయేవి. ఇప్పుడు నీ గోళ్ళలో ఆకుందేమోనని చూస్తున్నా. కాలం ఎటు పోతోందో."

"నీకు జీతమొచ్చే వైపే పోతోందిలే," అని ఆమె గోడ మలుపు తిరిగింది.

మెట్ల మీద ఎండ బాగా కాస్తోంది. అరచేతిలో రెండు ఆకులూ పక్కపక్కన పెట్టుకుంది. కింది ఆకు శుభ్రమైన ఆకుపచ్చ. చిగురాకు నిమ్మపండు రంగు. కాని అంతా కాదు. ఈనెలు మాత్రం పచ్చగా, కలంతో గీసినట్టు, కొసదాకా స్పష్టంగా ఉన్నాయి. ఈనెకీ ఈనెకీ మధ్యనే పసుపు.

ఈ ఆకును ఆమె ఇదివరకే చూసింది. మొక్క వేరు, ఆకు తీరు ఇదే. మొగుడు బతికున్న రోజుల్లో ఇంటికి వెల్ల వేయడానికి నిమ్మచెట్టు పాదు పక్కన గొయ్యి తీసి సున్నం తడిపాడు. మరుసటేడు ఆ చెట్టు చిగుళ్ళన్నీ ఇలాగే వచ్చాయి. "నీ సున్నం నా చెట్టు నోరు నొక్కేసింది," అని ఆమె ఏడాదంతా దెప్పింది. చెట్టు చావలేదు. కాయా కాయలేదు.

ఇక్కడ సున్నం ఎక్కడిది?

ఆమె లేచింది. రెండు అడుగులు వేసి ఆగింది. బూడిద నీళ్ళతో గుడ్డలుతికిన చేతులు తనవి. సున్నం చురుకూ, బూడిద చురుకూ గోళ్ళ సందుల్లో ఒకేలా మండుతాయి.

తిరిగి లోపలికి వెళ్ళింది. జవాద్ లాగా పన్నెండో ట్రే దగ్గర ఆగలేదు. తలుపు రెక్కను కాలితో పూర్తిగా తోసి, బయటి వెలుగు లోపలికి పడేలా చేసి, పదమూడో ట్రే దగ్గరికి వెళ్ళి వంగింది. ట్రేలో సగం మొక్కలు పసుపు. మిగతా సగం పచ్చగా కళకళలాడుతున్నాయి. మధ్యలో తాడు పట్టి గీసినట్టు గీత.

రెండుసార్లూ ఆమె డబ్బాలో బూడిద సరిగ్గా అక్కడికే అయిపోయింది.

*

శనివారం లెక్కలు వేసుకోవడంతోనే సరిపోయింది.

గోడ మీద జవాద్ ఫోను నంబరు పెద్ద అంకెలతో రాసి ఉంది. ఆమె ఫోను తీసింది, నాలుగు అంకెలు నొక్కింది, ఆపేసింది. చెప్తే ఏమవుతుంది? నర్సరీలోకి ఆడవాళ్ళను తీసుకోవద్దని హాజీ మొదటినుంచీ అన్నాడు. "వంటింటిని వెంటబెట్టుకొస్తారు," అన్నాడు. ఆ మాట మీద ఆమె నెల రోజులు పోట్లాడింది. తర్వాత ఆమెకు నర్సరీలో, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళకు పొలాల్లో పని ఇస్తానని ఆయన ఒప్పుకున్నాడు. ఇప్పుడు వంటింటి బూడిదే వచ్చి మొక్కల మీద కూర్చుందంటే తనొక్కతే కాదు, ఆ ఇద్దరూ పోతారు. చెప్పకపోతే? సెల్లామ్ ఒక్కడు పోతాడు. ఒకరికి ముగ్గురు. సంతలో అయితే ఇంత తేలిక బేరం ఇంకోటి ఉండదు.

కాని ఆ ఒక్కడి కోసమే కదా బూడిద చల్లింది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ తక్కెడ తిరగబడేది. మళ్ళీ మొదటినుంచి తూచేది.

పదింటికి దరీస్ గేటు దగ్గర్నుంచే కేకేశాడు.

"మీ నీళ్ళాయన్ని చూశావా? పొద్దున్నే కిందికి దిగాడు. చెప్పుల్తో కాదు, బూట్లేసుకుని."

"కిందికంటే?"

"రోడ్డు మీదికి. పోలీసు చౌకీ వైపు."

"అతను చౌకీ దాటడు," అంది యమ్నా. కిందటేడు వేసవిలో, గంజాయి కేసులు కొట్టేస్తూ ప్రభుత్వం ఇచ్చిన క్షమాపణ కాగితం చేతికొచ్చినా సెల్లామ్ కొండ దిగలేదు. మెట్ల మీద ఆమె ఎన్నిసార్లు ఎత్తిపొడిచిందో. కాగితానికి అద్దం కట్టించి గోడకి కొట్టుకో, చూసుకుంటూ చావొచ్చు అనేది. తొందరేముంది, కాళ్ళకి అలవాటు లేదు అనేవాడు.

"నేనూ అదే అన్నా," అన్నాడు దరీస్. "నవ్వాడు."

సరదాకి దిగాడు, సాయంత్రానికి వస్తాడు అనుకుందామె. ఆదివారం కూడా తక్కెడ దించలేదు.

*

సోమవారం జవాద్ వచ్చి పసుపు ఇంకా ముదిరిందని చూసి, టోపీ తీసి, తల గోక్కున్నాడు. నాలుగు రోజులు నీళ్ళు ఆపినా గుణం లేదు.

"అది నీళ్ళ జబ్బు కాదు బాబూ," అంది యమ్నా. "నా జబ్బు."

అతను అర్థం కానట్టు చూశాడు. ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని పదమూడో ట్రే దగ్గరికి తీసుకెళ్ళి, తలుపు తెరిచి, గీత చూపించింది. బూడిద సంగతి చెప్పింది. నుసుముల సంగతి చెప్పింది. ఎందుకు చల్లిందో కూడా చెప్పింది. తల దించుకోలేదు. సరుకులో పుచ్చు ఉంటే కొనేవాడి ముందే విప్పి చూపించడం ఆమె పద్ధతి.

జవాద్ ట్రేకి రెండు వైపులనుంచీ చెంచాడేసి మట్టి తీసి, రెండు గ్లాసుల్లో సీసా నీళ్ళతో కలిపాడు. తేటపడ్డాక రంగు మారే పరీక్ష కాగితం ముక్కలు ముంచాడు. పచ్చ మొక్కల వైపు మట్టిలో ముంచింది లేత పచ్చగా ఉండిపోయింది. పసుపు మొక్కల వైపుది నీలంగా మారింది. అతను ఆ రెండింటినీ చాలాసేపు పట్టుకుని చూశాడు.

"బూడిదకి మట్టి చౌడెక్కింది," అన్నాడు చివరికి. "మట్టిలో ఇనుము ఉంది పిన్నీ. చౌడులో మొక్క దాన్ని తాగలేదు. అందుకే కొత్త చిగురుకి అందలేదు." గ్లాసులు పక్కన పెట్టి, "నేను నీళ్ళు చూశాను. మట్టి చూడాల్సింది. చూళ్ళేదు," అన్నాడు.

"బతుకుతాయా?"

"మట్టి మారిస్తే బతుకుతాయి. పసుపు పడ్డ ఆకు మళ్ళీ పచ్చబడదు. తర్వాత వచ్చే చిగురు మాత్రం బాగుంటుంది. పంచడం ఓ వారం ఆలస్యమవుతుంది, అంతే."

హాజీ బూష్తా వచ్చి అంతా విన్నాడు. ముఖం ఎర్రబడింది.

"చెప్పానా లేదా? వంటిల్లు తెస్తారని చెప్పానా లేదా? రేపు ఉప్పు చల్లుతావా? ఎల్లుండి జీలకర్రా?"

"హాజీ," అన్నాడు జవాద్. "నేను ఈ చదువే చదువుకుని వచ్చాను, కనిపెట్టలేకపోయాను. ఈమె కనిపెట్టింది. ఈమెని పంపిస్తే రేపు ఇంకో జబ్బొస్తే నాకు ఫోన్ చేసేవాళ్ళెవరు? తప్పు సగం నాది. పంపితే ఇద్దర్నీ పంపండి."

హాజీ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. జవాద్ సంతకం లేకపోతే నారు గేటు దాటదు. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

"ఇంకెప్పుడూ నీ పొయ్యిలోది ఏదీ ఈ గడప దాటకూడదు," అన్నాడు యమ్నాతో. "సెల్లామ్‌ని రమ్మను. నువ్వే వెళ్ళి చెప్పు. నేను పంపించాను, నేను పిలవను."

*

సెల్లామ్ ఇల్లు ఎదుటి కొండ వాలు మీద ఉంది. యమ్నా ఆ గంట నడకా తేలిగ్గా నడిచింది. ఉద్యోగం పోలేదు, ఇద్దరు ఆడవాళ్ళ పనికీ ముప్పు లేదు, మొక్కలు బతుకుతాయి, సెల్లామ్ వస్తాడు. అన్ని వైపులా లాభమే తేలిన బేరం ఆమె జీవితంలో ఇదే మొదటిది. దారిలో అతనితో చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకుంది.

సెల్లామ్ గుమ్మంలో కూర్చుని బూట్లకు నూనె రాస్తున్నాడు. పక్కన కట్టిన సంచీ ఉంది. పెరట్లో మేకలు లేవు.

"మేకలేవి?" అంది.

"పక్కింటాయన తోలుకెళ్ళాడు. కూర్చో. టీ పెడతా."

"టీ తర్వాత. హాజీ రమ్మన్నాడు. నీ తప్పు కాదని తేలింది." బూడిద సంగతి మొత్తం చెప్పింది.

అతను విని, ముందు ఆశ్చర్యపోయి, తర్వాత మెల్లగా నవ్వాడు.

"బూడిద నేనూ చూశా. నీళ్ళు పోస్తుంటే తేలింది. మా అమ్మ గుర్తొచ్చింది. మంచి పనే అనుకున్నా," అన్నాడు. "నా కోసం చల్లావా?"

"ఇంకెవరి కోసం చల్లుతాను?"

అతను బూటు కింద పెట్టాడు.

"శనివారం కిందికి దిగాను యమ్నా. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. నీళ్ళ గొట్టం లేకపోతే ఈ చేతుల్తో ఏం చెయ్యాలో తెలీలేదు. సరే, చౌకీ దాకా వెళ్ళొద్దాం అనుకున్నా. కాగితం జేబులో గట్టిగా పట్టుకున్నా. అక్కడో కుర్ర పోలీసు నారింజ వొలుచుకుంటున్నాడు. తలెత్తి కూడా చూళ్ళేదు. ఇరవై రెండేళ్ళు నేను ఎవడికి భయపడ్డానో వాడికి నేనెవరో తెలీదు. దాటేశాను. దాటాక ఆగబుద్ధి కాలేదు. బస్సెక్కి లరాష్ దాకా వెళ్ళాను. సముద్రం చూశాను. రేవులో మా మేనల్లుడు వలలు బాగుచేస్తాడు. వాడి పక్కన కూర్చుని రెండు ముళ్ళు వేశాను. రా మామా, ఒక్కడినే చెయ్యలేకపోతున్నా, అన్నాడు. నిన్న సామాను కోసం వచ్చాను."

యమ్నా పేర్చుకుని తెచ్చిన మాటలు ఒక్కటీ బయటికి రాలేదు.

"నీకు బూడిద సంగతి ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు అతను.

అబద్ధం చెప్పొచ్చు. ఇవాళే అంటే సరిపోతుంది.

"శుక్రవారం," అంది. "చెప్పడానికి భయపడ్డాను."

అతను వేళ్ళు మడిచాడు. శుక్రవారం, శనివారం. ఆ లెక్క అతనికీ తేలింది. కోపం వస్తుందని ఆమె చూసింది. రాకపోతే బాగుండునని కాదు, రావాలనే కోరుకుంది. కోపం వస్తే కనీసం పోట్లాడుకోవచ్చు.

"మంచిదే చేశావు," అన్నాడు సెల్లామ్. ముఖం నిండా వెలుగుతో అన్నాడు. "శుక్రవారమే చెప్పుంటే శనివారం నేను నీళ్ళు పోస్తూ ఉండేవాణ్ణి. ఈ కొండ మీదే పోయేవాణ్ణి. నీ రుణం ఉంచుకోను యమ్నా. అటు వస్తే చేపలు పెడతా."

"అవును," అందామె. "మంచిదే అయింది."

టీ తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. దిగేటప్పుడు దారి చాలా పొడుగనిపించింది. భయపడ్డ ఆ రెండు రోజుల్నీ దారంతా మనసులో తడుముతూనే నడిచింది.

*

బుధవారానికల్లా తలుపు దగ్గరి ట్రేలన్నిటికీ మట్టి మార్చారు. వేళ్ళు తెగకుండా ఒక్కో మొక్కనీ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, పాత మట్టి నీళ్ళలో దులిపి, కొత్త గుంటలో దించడం యమ్నాయే చేసింది. నీళ్ళ గొట్టం కూడా ఆమె చేతికే వచ్చింది. జవాద్ ఒక టార్చి ఇచ్చి, "ఇది నీ దగ్గరే ఉంచుకో పిన్నీ, ఆకులు తుంచకు," అన్నాడు. తను ఆకులు తుంచిన సంగతి అతనికి ఎలా తెలిసిందో ఆమె అడగలేదు.

ఆ తర్వాతి వారం శుక్రవారం, నారు పంచడానికి ముందు, ఒకరోజు సెలవిచ్చారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక యమ్నా గేటు దగ్గరికి వచ్చింది.

"ఇవాళ పనిలేదుగా," అన్నాడు దరీస్. "ఏ ట్రేకయినా బాగాలేదా?"

"చూసిపోతాను," అంది.

టార్చి వెలిగించి మొదటి ట్రే నుంచి మొదలుపెట్టింది. పసుపు పడ్డ ఆకులు పసుపుగానే ఉన్నాయి. వాటి పైన ప్రతి తలలోనూ గోరంత కొత్త చిగురు, ఈనే ఆకూ ఒకే పచ్చలో కలిసిపోయి, విచ్చుకుంది. పదమూడో ట్రేలో కొత్త చిగుళ్ళ మీద ఆ గీత వెతికినా దొరకలేదు. చివరి వరస దాకా చూసింది. ఎక్కడా ఏ లోపమూ లేదు. ఇంకొక్క నిమిషం అక్కడ ఉండటానికి కూడా ఆమెకు పనిలేదు.

టార్చి ఆర్పి కాసేపు నిలబడింది. తర్వాత మళ్ళీ వెలిగించి, మొదటి ట్రే దగ్గరికి నడిచి, ఒక్కో ఆకునూ వరసగా చూడటం మొదలుపెట్టింది.